తిరుపతిలో కలర్ ప్రొడక్షన్ మెషిన్: కొత్తదా, రీఫర్బా? సర్వీస్ సంగతి తెలిసినోళ్లు చెప్పండి

కొర్లగుంట_కార్డ్స్
రెండేళ్ల కిందట చెన్నై నుంచి రీఫర్బ్ చేసిన (పాతదాన్ని బాగుచేసి అమ్మేది) కలర్ ప్రొడక్షన్ మెషిన్, అంటే ప్రెస్సుల్లో వాడే పెద్ద ప్రింటర్, తెచ్చాను. నిమిషానికి 70 పేజీల రకం. తెచ్చిన రోజు పేజీల కౌంటర్ 9 లక్షలు చూపించింది, ఇప్పుడు 14 లక్షలు దాటింది. మొదటి ఏడాది కొత్తకోడలిలా ఒక్క మాట అనలేదు. ఇప్పుడు నెలకు రెండుసార్లయినా అలిగి కూర్చుంటోంది.

మొన్న మాఘమాసం ముహూర్తాలప్పుడు 800 శుభలేఖలు ఒప్పుకున్నా. 300 జీఎస్ఎం ఆర్ట్ కార్డు, మందం రకం. సాయంత్రం ఏడు గంటలప్పుడు, 350 దగ్గర ఫ్యూజర్ (రంగు పొడిని వేడితో కాగితానికి అతికించే భాగం) ఎర్రర్ కోడ్ వచ్చి ఆగింది. ఆఫ్ చేసి ఆన్ చేస్తే పది షీట్లు వస్తాయి, మళ్లీ అదే కోడ్. డీలర్‌కు ఫోన్ చేస్తే "ఇంజనీర్ మదురైలో ఉన్నాడు సార్, రేపు పంపిస్తా" అన్నాడు. ఆ రేపు నాలుగో రోజుకు వచ్చింది. ఈలోపు పెళ్లికూతురి నాన్న షాపు ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. తిట్టలేదు, ఊరికే కూర్చున్నాడు, అదే ఎక్కువ భయమేసింది. చివరికి తిలక్ రోడ్డులో తెలిసినాయన దగ్గర మిగతావి కొట్టించాను. లాభం మాట దేవుడెరుగు, చేతి డబ్బులు పోయాయి.

ఇప్పుడు ఇంకోటి. ఎర్ర బ్యాక్‌గ్రౌండ్ వేస్తే షీటు మీద వరసగా తెల్లచుక్క పడుతోంది. ఇంజనీర్ వాట్సాప్‌లో ఫొటో చూసి, ఫ్యూజర్ యూనిట్ మొత్తం మార్చాలి, 85 వేలు అన్నాడు.

ఆ 85 వేలు పెట్టాలా, దీన్ని వదిలించుకుని కంపెనీ నుంచి కొత్తది తీసుకోవాలా, ఇంకో రీఫర్బ్ తెచ్చుకోవాలా? ఏ బ్రాండ్ ఆగకుండా నడుస్తుంది? తిరుపతి, చిత్తూరు వైపు రోజూ వాడుతున్నోళ్లు చెప్పండి, బ్రోచర్లు నేనూ చదివాను. డీలర్ పేరూ మెషిన్ పేరూ ఇక్కడ అడగొద్దు, ఆయనతో నాకింకా పని ఉంది.

జామ్_ట్రే_2
మీ ఇంజనీర్ నయం అన్నా, మదురై అని ఉన్నమాట చెప్పాడు. మావాడు ఎప్పుడు ఫోన్ చేసినా "సూళ్లూరుపేట దాటేశా సార్" అంటాడు. చెన్నై నుంచి తిరుపతికి పుత్తూరు మీదుగా రావాల గదా, సూళ్లూరుపేటలో ఏం పని అని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

టూల్‌బ్యాగ్
ముందు ఆ 85 వేలు జేబులోనే పెట్టుకో తమ్ముడూ. పదకొండేళ్లు కంపెనీ సర్వీస్‌లో చేసి బయటికొచ్చాను, ఇప్పుడు తిరుపతి, చిత్తూరు, వేలూరు తిరుగుతుంటాను. ఫొటో చూసి ఫ్యూజర్ మార్చమన్నవాణ్ణి నేను నమ్మను.

రెండు సంగతులు చెప్పు. ఒకటి, ఆ చుక్క నిజంగా తెల్లగా ఉందా? భూతద్దం పెట్టి చూడు. రెండు, ఒక చుక్కకూ ఇంకో చుక్కకూ మధ్య ఎంత దూరం? స్కేలు పెట్టి మిల్లీమీటర్లలో కావాలి, "జానెడు" అంటే కుదరదు. మోడల్ పేరు నాకు విడిగా మెసేజ్ పెట్టు.

బైపాస్_డిజిటల్
మూడేళ్ల నుంచి కొత్త మెషిన్ నడుపుతున్నా, ఎయిర్ బైపాస్ రోడ్డులో. ఫైరీతో (ఫైళ్లను ప్రింటుకు సిద్ధం చేసే కంప్యూటర్) కలిపి అన్నీ 22 లక్షలయింది. ఎఫ్ఎస్ఎంఏ కాంట్రాక్ట్, అంటే టోనర్ (రంగు పొడి), డ్రమ్ములు, డెవలపర్, ఫ్యూజర్, ఇంజనీర్ విజిట్ అన్నీ వాళ్లవే. నేను కాగితం పెడతా, క్లిక్‌కు, అంటే ఒక్కో ప్రింటుకు, ఇంత అని కడతా. ఫ్యూజర్ పోయిందంటే గుండె పట్టుకోవాల్సిన పని లేదు, ఫోన్ పట్టుకుంటే చాలు. ఇప్పటిదాకా రెండుసార్లు మార్చారు, పైసా అడగలేదు.

నా మాట విను, రీఫర్బ్ అంటే టెన్షన్‌ను ఈఎంఐ లేకుండా కొనుక్కోవడమే.

పలమనేరు_ప్రింట్
@బైపాస్_డిజిటల్ 22 లక్షలకు నెల నెలా ఎంత కడుతున్నావో అది కూడా చెప్పన్నా. నా రీఫర్బ్ 6 లక్షల చిల్లర. అదే మోడల్‌ది ఇంకోటి, కాలిపోయిన బోర్డుతో ఉన్నది, లక్షన్నరకు తెచ్చి వెనక గదిలో పెట్టా. అది నాకు స్పేర్ల దుకాణం. రోలర్ కావాలా, దాంట్లోంచి. క్లచ్ కావాలా, దాంట్లోంచి. ఇంజనీర్ కోసం ఎదురుచూడటం మానేసి మూడేళ్లయింది, పికప్ రోలర్లు మా ఆవిడ కూడా మారుస్తుంది.

ఫ్లెక్స్_మామ
వెనక గదిలో పెట్టిన మెషిన్ మీద బట్టలారేస్తున్నారా లేదా, అది చెప్పు.

పలమనేరు_ప్రింట్
@ఫ్లెక్స్_మామ టోనర్ పోస్తుంది మామా, వద్దన్నా. చింతపండు బుట్ట మాత్రం పెడుతున్నారు.

ఆఫ్‌సెట్_తాత
చిత్తూరు చర్చి వీధిలో 38 ఏళ్లుగా ప్రెస్సు. డిజిటల్ మెషిన్ నా కొడుకు పెట్టాడు, దాని దగ్గర నేను కూర్చునేది ఏసీ కోసమే. అయినా ఒక కథ చెప్తా.

ఈ క్లిక్‌ల లెక్క కొత్తదేం కాదు. 1959లో జీరాక్స్ 914 వచ్చింది. మామూలు కాగితం మీద కాపీ తీసే ఆఫీసు మెషిన్లలో బాగా నడిచిన మొదటిది అదే. 9×14 అంగుళాల కాగితం దాకా పట్టేది గనక 914 అన్నారు. ఎక్కువగా అద్దెకే ఇచ్చేవాళ్లు. నెలకు 95 డాలర్లు, అందులో మొదటి 2,000 కాపీలు కలిసే ఉంటాయి, అవి దాటితే కాపీకి ఇన్ని సెంట్లని. ఇప్పుడు కాంట్రాక్టుల్లో వేసినా వేయకపోయినా కట్టాల్సిన మినిమం క్లిక్‌లు అవే.

ఇంకా విను. కాగితం లోపల ఇరుక్కుంటే ఫ్యూజర్ వేడికి అంటుకునేది. దాంతో కంపెనీవాళ్లే మంటలార్పే చిన్న డబ్బా కూడా ఇచ్చారు. దాన్ని మంటలార్పేది అంటే జనం జడుసుకుంటారని "స్కార్చ్ ఎలిమినేటర్" అని పేరు పెట్టారు. అంత జరిగినా ఆ మెషిన్ విపరీతంగా నడిచింది. కాబట్టి "ఆగని మెషిన్ ఏది" అనే ప్రశ్నే తప్పు నాయనా. ఆగితే ఎవరొస్తారు, ఎంతసేపట్లో వస్తారు అని అడుగు.

జామ్_ట్రే_2
మా డీలర్‌ను ఆ డబ్బా అడుగుతా. ఏఎంసీలో (ఏడాది సర్వీస్ ఒప్పందం) కవర్ కాదంటాడు చూడండి.

ఆల్బం_అక్క
తాతగారు చెప్పింది సగం ఒప్పుకుంటా. ఆగే మెషిన్‌కు మనం చేసే పాపం కూడా ఉంటుంది. మాది బాలాజీ కాలనీలో, పెళ్లి ఆల్బంలు, ఫొటోబుక్‌లు. 2021 నవంబర్‌లో తిరుపతి మునిగినప్పుడు మా షాపులోకి నీళ్లు రాలేదు, కానీ గాలిలో తేమ ఎంతుందో చెప్పలేను. మెషిన్ గదిలో ఏసీ వారం పాటు ఆపేశాం. కరెంటు వచ్చాక మొదటి ఆర్డర్ వేస్తే మొదటి వైపు బాగుంది, రెండో వైపు మచ్చలు మచ్చలు, షీటు పాపడంలా వంకర. ఇంజనీర్ వచ్చి బెల్టు మార్చాలి అన్నాడు. మా అబ్బాయి కొత్త రీము అట్టపెట్టె విప్పి దాన్నుంచి నాలుగు షీట్లు వేశాడు. ఏ మచ్చా లేదు. పాత కాగితం తేమ పీల్చుకుంది, అంతే.

అప్పటినుంచి కాగితం మెషిన్ గదిలోనే ఉంటుంది, వాడే ముందు రోజే వచ్చి చేరుతుంది, రీము చుట్టిన కవరు అవసరమైనప్పుడే విప్పుతాం. గోడకు 400 రూపాయల తేమ మీటర్ తగిలించా. 60 దాటితే డ్యూప్లెక్స్ (రెండువైపులా ప్రింటు) పని తీసుకోను. కస్టమర్లు నవ్వుతారు, నవ్వనీ.

ఫ్లెక్స్_మామ
అక్కా, ఆ మీటర్ మా ఇంట్లో పెడితే ఎప్పుడూ 90 ఉంటుంది, ఇద్దరు కోడళ్లు.

ఆల్బం_అక్క
@ఫ్లెక్స్_మామ మీ కోడళ్లు ఈ గ్రూపు చదువుతారని గుర్తుంచుకోండి.

కొర్లగుంట_కార్డ్స్
@టూల్‌బ్యాగ్ అన్నా, చూశాను. భూతద్దం లేదు, పక్కన నగల షాపాయన దగ్గర కంటికి పెట్టుకునేది తెచ్చుకున్నా. చుక్క తెల్లగా లేదు, పసుపుగా ఉంది! మామూలు కంటికి తెల్లగానే కనిపించింది. 12×18 షీటు మీద రెండు, ఒక్కోసారి మూడు. మధ్య దూరం 188 మిల్లీమీటర్లు, నాలుగు షీట్లు కొలిచాను, అన్నిట్లోనూ అంతే.

టూల్‌బ్యాగ్
బాగా చూశావు. ఇప్పుడు విను, వేరేవాళ్లకూ పనికొస్తుంది.

ఎరుపు అంటే మెజెంటా (ముదురు గులాబీ) మీద పసుపు. చుక్కలో పసుపు ఉంది, మెజెంటా లేదు. అంటే మెజెంటా ఒక్కటే అక్కడ పడటం లేదు. ఫ్యూజర్ తప్పయితే రెండు రంగులూ కలిసి లేచిపోవాలి, కింద కాగితం కనపడాలి. ఫ్యూజర్‌కు రంగుల భేదం తెలియదు.

ఇక దూరం. ఒకే మచ్చ సమాన దూరంలో మళ్లీ మళ్లీ పడుతోందంటే గుండ్రంగా తిరిగేదేదో ప్రతి చుట్టుకూ దాన్ని వేస్తోంది. 188ని 3.14తో భాగిస్తే 60 వస్తుంది. 60 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్నది నీ మోడల్‌లో డ్రమ్ము, అంటే ఒక్కో రంగు బొమ్మ మొదట పడే గొట్టం. 94 వచ్చి ఉంటే 30 మిల్లీమీటర్లది, చార్జ్ రోలరో ఇంకోటో వెతికేవాళ్లం. నీ మెషిన్ ఫ్యూజర్ బెల్టు చుట్టుకొలత దీనికి దగ్గరలో కూడా లేదు.

ఇంకో పరీక్ష చెయ్యి. ఎరుపు షీటు ప్రింట్ పెట్టి, సగంలో ముందు తలుపు తెరువు. జామ్ అంటుంది, అననీ. ట్రాన్స్‌ఫర్ బెల్టును టార్చి వేసి చూడు. కాగితానికి ఇంకా ఎక్కని బొమ్మ దానిమీద ఉంటుంది. చుక్క అక్కడే కనపడితే కేసు అయిపోయినట్టే, ఆ బొమ్మ ఫ్యూజర్ మొహం ఇంకా చూడలేదు కదా. తర్వాత మెజెంటా డ్రమ్మును సయాన్‌లో (లేత నీలం), సయాన్‌ది మెజెంటాలో వేసి చూడు. నీ మోడల్‌లో నాలుగూ ఒకే రకం, చిప్ గొడవ లేదు. చిప్ ఉన్న మెషిన్లవాళ్లు ఇది చెయ్యొద్దు. డ్రమ్ము బయటికి తీస్తే వెలుతురు తగలనివ్వకు, నల్లగుడ్డ కప్పు. వేలితో ముట్టుకోకు.

పలమనేరు_ప్రింట్
ఇది ప్రింటు తీసి షాపులో అంటించుకుంటా.

బైపాస్_డిజిటల్
@టూల్‌బ్యాగ్ మీలాంటివాళ్లు ప్రతి ఊళ్లో ఉంటే కాంట్రాక్టుల పనేముంది. లేరు కాబట్టే కడుతున్నాం.

లెక్కల_పంతులు
నాలుగు ప్రెస్సులకు లెక్కలు చూస్తాను, మెషిన్ సంగతి నాకు తెలియదు, డబ్బుల సంగతి తెలుసు. బైపాస్ అన్న కాంట్రాక్ట్ బాగుందన్నాడు, దాంట్లో మినిమం ఎంతో చెప్పలేదు. నా దగ్గర ఒక క్లయింటు కాగితం ఉంది, పేరు తీసేసి చెప్తా.

ఏ3 కలర్ క్లిక్ 3.50, నెలకు మినిమం 12,000 క్లిక్‌లు. అంటే వేసినా వేయకపోయినా 42,000, దాని మీద 18 శాతం జీఎస్టీ 7,560, మొత్తం 49,560. మాఘంలో, వైశాఖంలో ఆయన 30,000 వేస్తాడు, అప్పుడు క్లిక్ 3.50కే పడుతుంది. ఆషాఢంలో, మూఢంలో 5,000 కూడా కాదు. అప్పుడు అదే 42,000ను 5,000తో భాగించండి, షీటుకు 8.40. కాగితం, లామినేషన్ ఇంకా కలపలేదు.

దానికి మందు ఏమిటంటే, మినిమంను నెల లెక్కన కాకుండా ఏడాదికి 1,44,000 అని రాయించుకోవడం. అడిగితే కొందరు ఒప్పుకున్నారు, అడగనివాళ్లకు ఎవరూ ఇవ్వలేదు. ఇంకోటి, జీఎస్టీ కాంపొజిషన్ స్కీంలో (చిన్న వ్యాపారాలకు అమ్మకాల మీద తక్కువ శాతం పన్ను) ఉన్నవాళ్లకు ఆ 18 శాతం ఇన్‌పుట్ తిరిగి రాదు, ఖర్చులోనే పోతుంది.

బైపాస్_డిజిటల్
@లెక్కల_పంతులు మినిమం నాకూ ఉంది, దాచలేదు. 10,000. ఆషాఢంలో కాలేజీల ప్రాజెక్టు రిపోర్టులు, బ్రోచర్లు పట్టుకుని సరిపెడతా. మెషిన్ ఊరికే ఉంటే నాకు నిద్ర పట్టదు, అదొక విధంగా మంచిదే.

ఆల్బం_అక్క
కాంట్రాక్ట్‌లో కవరేజీ (షీటులో ఎంత శాతం రంగు పరుచుకుంటుందో) గీత కూడా చదవండి. టోనర్ దిగుబడి బ్రోచర్‌లో ఇచ్చేది ఒక్కో రంగుకు 5 శాతం కవరేజీ లెక్కన. అంటే ఆఫీసు లెటర్ లాంటిది. మన శుభలేఖల మీద ఎరుపూ బంగారు రంగూ అంచు నుంచి అంచుకు పరుచుకుంటాయి. కొన్ని కాంట్రాక్టుల్లో ఇంత శాతం దాటితే టోనర్‌కు అదనం అని చిన్నక్షరాల్లో ఉంటుంది. నేను రెండో ఏడాది చూసుకున్నా, అప్పటికే ఒక బిల్లు కట్టేశాను.

జామ్ అయిన షీట్లకు, ఇంజనీర్ టెస్ట్ ప్రింట్లకు క్రెడిట్ ఇస్తారా అని కూడా అడగండి. ఆయనొచ్చి 60 షీట్లు వేసి పోతే ఆ 60 క్లిక్‌లూ మనవే అన్నారు ఒకసారి.

ఫ్లెక్స్_మామ
డాక్టరు నాడి చూసినందుకు పేషెంటు నాడికి బిల్లు.

కొర్లగుంట_కార్డ్స్
@టూల్‌బ్యాగ్ అన్నా, చేశాను. సగంలో తలుపు తెరిచి టార్చి వేస్తే బెల్టు మీదే చుక్క! తర్వాత డ్రమ్ములు అటూ ఇటూ మార్చా. నల్లగుడ్డ దొరక్క మా నాన్న అయ్యప్ప మాల పంచె కప్పాను, సామి క్షమిస్తాడు. ఇప్పుడు ఎరుపులో చుక్క లేదు, నీలం బ్యాక్‌గ్రౌండ్‌లో వచ్చింది. అదే 188. డ్రమ్మును ఏటవాలుగా చూస్తే మీద సన్నటి గీత, గోరుతో గీసినట్టు.

మా కుర్రాణ్ణి అడిగితే ముందు తెలియదన్నాడు. తర్వాత, ఇరుక్కున్న షీటు ముక్కను కత్తెరతో లాగానని ఒప్పుకున్నాడు.

జామ్_ట్రే_2
ఆ కుర్రాడి మీద ఎవరూ చెయ్యి చేసుకోవద్దు. ప్రతి షాపులో ఒక కత్తెర కుర్రాడు ఉంటాడు. మా షాపులో అది నేనే.

టూల్‌బ్యాగ్
85 వేల ఫ్యూజర్ కాస్తా ఒక డ్రమ్ముకొచ్చింది. మీ డీలర్ మోసగాడని నేను అనను. ఆ ఇంజనీర్‌కు రోజుకు ఐదు కాల్స్ ఉంటాయి, ఫోన్‌లో తేల్చేస్తే ఒక ప్రయాణం తగ్గుతుంది. అదే అసలు సమస్య.

ఇక నీ మాఘమాసం ఫ్యూజర్ ఎర్రర్ గురించి. సాయంత్రం ఏడు అన్నావు. ఆ టైంలో మీ వీధిలో వోల్టేజీ ఎంత ఉంటుంది? ఫ్యూజర్ హీటర్ బాగా కరెంటు లాగుతుంది. మందం కాగితం ఇంకా వేడి అడుగుతుంది. వోల్టేజీ 190 దగ్గర పడితే చెప్పిన టైంలో వేడెక్కదు, మెషిన్ ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది. పొద్దున చూస్తే అంతా బాగానే ఉంటుంది.

పలమనేరు_ప్రింట్
ఇదిగో, ఇక్కడ నేను ఒప్పుకోను. ఏం చేతకాకపోతే ప్రతి ఇంజనీరూ చెప్పే మాటే ఇది, "మీ కరెంటు బాగాలేదు సార్". మా మెషిన్‌కు 12 వేలు పెట్టి స్టెబిలైజర్ కొనిపించారు, కోడ్ అట్లనే వచ్చింది. చివరికి చూస్తే థర్మిస్టర్ (వేడి కొలిచేది) మీద టోనర్ పేరుకుంది. దూది పెట్టి తుడిచా.

టూల్‌బ్యాగ్
@పలమనేరు_ప్రింట్ అదీ నిజమే. అందుకే మీటర్ పెట్టి చూడమంటున్నా, ఊరికే కొనమనలేదు. ఏడు గంటలకు మెషిన్ వేడెక్కేటప్పుడు ప్లగ్ దగ్గర చూడాలి, పొద్దున పది గంటలకు కాదు. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య కూడా చూడండి, రెండు మూడు వోల్టులు దాటకూడదు.

ఆఫ్‌సెట్_తాత
ఎర్త్ మాట వచ్చింది గనక. మొన్న ఏప్రిల్‌లో మా వాడి మెషిన్ తిక్కతిక్కగా చేసింది. తెర ఆరిపోతుంది, మళ్లీ వస్తుంది. కంపెనీ ఇంజనీర్ మీటర్ పెడితే 14 వోల్టులు. బోర్డు మార్చాలేమో అన్నాడు. నేను వెనక్కి పోయి ఎర్త్ గుంత చూశా. చిత్తూరు ఎండలకు నెర్రెలిచ్చింది. దాంట్లో నీళ్లు పోసి ఎన్నేళ్లయిందో. నాలుగు బిందెలు పోయించి, ఉప్పు, బొగ్గు వేయించా. సాయంత్రానికి 2 వోల్టులు. ఇప్పుడు ప్రతి శనివారం గుంతకు నీళ్లు, తులసికోటకు నీళ్లు, రెండూ నా డ్యూటీనే.

పలమనేరు_ప్రింట్
@ఆఫ్‌సెట్_తాత సరే పెద్దాయనా, ఈ రోజే పోస్తా. ఒప్పుకోవడం లేదు, ఊరికే పోస్తా.

కొర్లగుంట_కార్డ్స్
నిన్న సాయంత్రం చూశా. 7:10కి ప్లగ్ దగ్గర 196. పక్క వీధిలో ఫంక్షన్ హాలు ఉంది, ముహూర్తం రోజు ఇంకా పడుతుందేమో. శుభలేఖలు మనమే కొట్టి ఇస్తాం, ఆ పెళ్లి లైట్లే మన మెషిన్ ఆపుతాయి.

సర్వో స్టెబిలైజర్ చెప్పేశాను. అయినా పాత ప్రశ్న అట్లనే ఉంది. వచ్చే శ్రావణానికి ఒక మెషిన్ కావాలి. బ్రాండ్ చెప్పండి సామీ.

బైపాస్_డిజిటల్
కోనికా మినోల్టా అక్యూరియోప్రెస్, జీరాక్స్ వర్సెంట్, రికో ప్రో, కెనాన్ ఇమేజ్‌ప్రెస్. నాలుగూ చూసుకో. నాలుగూ పనిచేసేవే.

ఆల్బం_అక్క
ఏం వేస్తావో దాన్నిబట్టి. అక్యూరియోప్రెస్‌కు ఐక్యూ-501 అనే పరికరం కలిపి తీసుకుంటే రంగు, ముందువెనక రిజిస్ట్రేషన్ (రెండు వైపుల బొమ్మలు సరిగ్గా కలవడం) నడుస్తుండగానే అదే చూసుకుంటుంది. రికో ప్రో సీ7200ఎక్స్‌లో ఐదో రంగుకు చోటుంది, తెలుపు, క్లియర్, నియాన్ లాంటివి. రంగు కార్డుల మీద తెల్లటి అక్షరాలు అడిగేవాళ్లుంటే అది పనికొస్తుంది. మాకు ఆల్బంలకు అవసరం రాలేదు.

టూల్‌బ్యాగ్
పేర్లు చూసి మోసపోవద్దు, ఒక్కోసారి లోపల ఇంజిన్ ఒకటే ఉంటుంది. హైడెల్‌బర్గ్ వర్సాఫైర్ అని అమ్మేది రికో ఇంజిన్. ఫైరీ కూడా మెషిన్ కంపెనీది కాదు, 2024లో దాన్ని ఎప్సన్ కొనేసింది. కాబట్టి కాంట్రాక్ట్‌లో ఫైరీ ఉందో లేదో విడిగా అడుగు. అది ఒక కంప్యూటర్, హార్డ్ డిస్క్ పోతే మెషిన్ బాగుండి కూడా షాపు మూతే.

నేనైతే నాలుగు బ్రాండ్ల సేల్స్‌వాళ్లనూ ఒకటే అడుగుతా: "మీ ఇంజనీర్ ఇల్లు ఎక్కడ?" తిరుపతిలోనో చిత్తూరులోనో కాపురం ఉన్నవాడు ఎవరికి ఉంటే వాళ్ల మెషిన్ సగం కొన్నట్టే. పొద్దున సప్తగిరి ఎక్కి వచ్చేవాడైతే వాడికి సాయంత్రం రైలు మీదే ధ్యాస. వాడు సెలవు పెడితే ఎవరు వస్తారో, ఫ్యూజరూ బెల్టూ ఏ ఊరి గోడౌన్‌లో ఉంటాయో కూడా అడుగు. ఆ మోడల్ వాడుతున్న ఐదుగురి నంబర్లు తీసుకో, సేల్స్‌వాడు ఇచ్చినవి కాదు, నువ్వు వెతుక్కున్నవి.

బ్రోచర్‌లో నెలకు ఇన్ని లక్షలు అని ఉండే డ్యూటీ సైకిల్‌ను అసలు నమ్ముకోకు. అది ఒక నెలకు ఆఖరి హద్దు. సగటున నెలకు ఎంత వేయమంటారో అది చాలా తక్కువ ఉంటుంది, అడిగితేనే చెప్తారు.

రీఫర్బ్ అయితే మొత్తం కౌంటర్ ఒక్కటే చూడకు, అది మార్చేవాళ్లున్నారు. సర్వీస్ మోడ్‌లో ఒక్కో పార్ట్ కౌంటర్ తీయించు. మొత్తం 3 లక్షలు చూపించి బెల్టు 5 లక్షలు చూపిస్తే నవ్వి బయటికి వచ్చేయ్. దిగుమతి కాగితాలు కూడా అడుగు, పాత మెషిన్లు తేవడానికి డీజీఎఫ్‌టీ (కేంద్రం విదేశీ వాణిజ్య విభాగం) అనుమతి కావాలి. బిల్లు లేని మెషిన్ రేపు నీ మెడకే.

కొర్లగుంట_కార్డ్స్
డెమోకు చెన్నై రమ్మన్నారు. ఏం చూడాలి?

టూల్‌బ్యాగ్
వాళ్ల కాగితం మీద వాళ్ల బొమ్మ వేస్తే ఏ మెషినైనా బాగానే వేస్తుంది. నీ 300 జీఎస్ఎం కార్డు, టెక్స్చర్ కార్డు, నువ్వు రోజూ వేసే ఎర్ర శుభలేఖ ఫైలు పట్టుకుపో. 500 షీట్లు ఆపకుండా, రెండు వైపులా. మొదటిది, 250వది, 500వది పక్కపక్కన పెట్టి చూడు. కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టి ముందువెనక గీతలు కలుస్తున్నాయో చూడు. మందం కాగితానికి వేగం సగానికి పడే మెషిన్లు ఉన్నాయి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకో. 50 శాతం బూడిద రంగు ఒక షీటు నిండా వేయించు, చారలుంటే అక్కడ దాక్కోలేవు.

చిత్తూరు_స్టిక్కర్స్
లామినేషన్ కూడా చూడండి. మేం మామిడి సీజన్‌లో పల్ప్ ఫ్యాక్టరీల లేబుళ్లు వేస్తాం. ఇప్పటి టోనర్లలో మైనం ఉంటుంది, నిండుగా రంగు పరిచినచోట కొన్ని ఫిల్ములు సరిగా పట్టవు. డెమో ప్రింట్లు ఇంటికి తెచ్చుకుని మీ లామినేషన్ మెషిన్‌లో వేసి, రెండు రోజులాగి గోరుతో లాగి చూడండి.

స్టిక్కర్ షీట్లు, చిరగని ప్లాస్టిక్ షీట్లు వేసేవాళ్లయితే ఏ రకం పనికొస్తుందో రాతపూర్వకంగా తీసుకోండి. చవక రకం ప్లాస్టిక్ షీటు ఒకటి మా ఫ్యూజర్‌కు చుట్టుకుని కరిగింది. వాసన మూడు వీధులకు పోయింది. అది కాంట్రాక్ట్‌లో కవర్ కాదన్నారు, తప్పు నాదే కాబట్టి గట్టిగా అడగలేకపోయా.

ఆఫ్‌సెట్_తాత
ఇప్పుడు పనికొచ్చేది నేను చెప్పిన ఆ మంటలార్పే డబ్బానే కదా.

కొర్లగుంట_కార్డ్స్
పోయి వచ్చాను. రెండు షోరూములు.

మొదటిచోట 500 షీట్లు అంటే "అన్ని ఎందుకు సార్, పది చాలు కదా" అన్నారు. పది వేసి కాఫీ ఇచ్చారు. కాఫీ బాగుంది. రెండోచోట ఏమీ అనకుండా పెట్టారు. 180 దగ్గర జామ్ అయింది. సేల్స్ కుర్రాడి మొహం పాలిపోయింది, కానీ లోపల నుంచి ఇంజనీర్ వచ్చి నాలుగు నిమిషాల్లో తీసి మళ్లీ నడిపాడు. మొదటిదీ 500వదీ పక్కన పెడితే నాకు తేడా తెలియలేదు, కిటికీ దగ్గర ముందువెనక గీత సన్నగా జరిగింది. కార్డుకు ఇబ్బంది లేదు. ఇంజనీర్ ఇల్లు ఎక్కడ అని అడిగితే ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత చెప్పారు, ఒకాయన రేణిగుంటలో ఉంటాడట. ఆయన నంబర్ తీసుకుని తిరుగు ప్రయాణంలో దిగి ఇల్లు చూసే వచ్చా. ఉన్నాడు. వాళ్లావిడ మజ్జిగ ఇచ్చింది.

రెండోదే తీసుకుంటున్నా. మినిమం ఏడాది లెక్కన రాయమన్నా, హెడ్డాఫీసును అడుగుతామన్నారు. పాతదానికి కొత్త డ్రమ్ము వేశాను, చుక్క పోయింది. స్టెబిలైజర్ పెట్టాక ఫ్యూజర్ కోడ్ ఇంతవరకూ రాలేదు.

పలమనేరు_ప్రింట్
అయితే పాతది బాగైంది కదన్నా, కొత్తదెందుకు మళ్లీ!

కొర్లగుంట_కార్డ్స్
@పలమనేరు_ప్రింట్ ఆ పెళ్లికూతురి నాన్నకు ఇంకో కూతురుంది తమ్ముడూ. శ్రావణంలో పెళ్లి. మళ్లీ నాకే ఇచ్చాడు.

శ్రీకాళహస్తి_స్టూడియో
ఇదంతా చదివాను. ఆ పాత మెషిన్ ఎంతకిస్తావన్నా?

కొర్లగుంట_కార్డ్స్
@శ్రీకాళహస్తి_స్టూడియో కత్తెర కుర్రాడితో కలిపా, విడిగానా?